థాంక్స్ చెప్పకూడని మందు

"ఓర్లా, నోరు మూసుకో!"

అత్తగారు అంత గట్టిగా అరవగలదని ఓర్లాకి ఆరోజే తెలిసింది. చేతిలో సీసాతో గుమ్మంలోనే బిగుసుకుపోయింది. పాపం ఆ పిల్ల చేసిన నేరమల్లా మందు తెచ్చిన ముసలాయనకి థాంక్స్ చెప్పబోవడం.

"మాట బయటికొచ్చేసిందా అమ్మాయ్?" ముసలాయన ఫెలిమ్ కంగారుగా అడిగాడు.

"సగం వచ్చిందండీ."

"సగానికి దోషం లేదులే," అంటూ టోపీ తీసి, పొయ్యి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

ఐర్లండ్‌లోని లైట్రిమ్ పల్లెల్లో ఇది పసివాళ్ళకి కూడా తెలుసు. తాతల నాటి నుంచి చేతిలో మందున్నవాడు డబ్బు పుచ్చుకోకూడదు. మందు తాగినవాడు గానీ, వాడి ఇంట్లోవాళ్ళు గానీ థాంక్స్ చెప్పకూడదు. చెప్పారా, మందు విరిగిపోతుంది, పోయిన నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. ఓర్లాదేమో డబ్లిన్. బస్సు దిగుతూ డ్రైవరుకి కూడా థాంక్స్ చెప్పే జాతి.

అత్తగారు బ్రిజీ ముసలమ్మకి నడుము నుంచి మోకాళ్ళ దాకా ఎముకల్ని పురుగు తొలిచినట్టు నొప్పి. ఆ నొప్పికి నిద్ర లేదు. నిద్ర రాదేమోనన్న భయంతో పొద్దు వాలుతుంటేనే జపమాల పట్టుకునేది. కోడలు టౌనుకి వెళ్ళి సీబీడీ చుక్కలు కొనుక్కొచ్చింది.

"గంజాయి నూనె! ఫాదర్‌కి తెలిస్తే నన్ను చర్చి మెట్లెక్కనిస్తాడా?" అంది బ్రిజీ అప్పట్లో.

"మత్తుండదు అత్తయ్యా. నాలుక కింద వేసుకోండి చాలు."

వారం వేసుకుని, తడిగడ్డి నమిలినట్టుందనీ, నిద్ర మాత్రం సీసా మూత నాకిన పిల్లికి పట్టిందనీ తేల్చేసింది. ఓర్లా మనసు చివుక్కుమంది. ఆ తర్వాతే ఫెలిమ్‌కి కబురు వెళ్ళింది.

ఫెలిమ్ మందు చిత్తడి బాడవలో పెరిగే మూడాకుల మొక్క. దాన్ని ఉడకబెట్టి, వడగట్టి, పాత విస్కీ సీసాలో పోసి తెచ్చేవాడు. ఆ వాసనకి పైన ఎగిరే కాకులు దారి మార్చుకునేవట. నేను చూడలేదు గానీ, ఆ ఇంటి కప్పు మీద కాకి వాలగా కూడా చూడలేదు.

"చూడు బ్రిజీ," అన్నాడు ఫెలిమ్, రెండో సీసా తెచ్చిన రోజు టీ ఊదుకుంటూ. "పనిచెయ్యకపోతే మొహమాటం లేకుండా చెప్పేయ్. పనిచెయ్యని సీసా మోసుకుంటూ మా నాన్న ఎవరి గుమ్మమూ తొక్కలేదు. నేనూ తొక్కను."

"పనిచెయ్యకపోతే నీ బట్టతల మీదే పోసేదాన్ని కాదట్రా? పసిపిల్లలా పడి నిద్రపోతున్నా."

ఫెలిమ్ మొహం వెలిగిపోయింది. ఓర్లా సీసా మూత తీసి, వాసన చూసి, తల తిప్పేసుకుంది.

అప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం సీసా వచ్చేది. థాంక్స్ చెప్పే వీల్లేదు కాబట్టి బ్రిజీ తిట్లు చెల్లించేది.

"ఆ కోటు ఏ దిష్టిబొమ్మ ఒంటి మీంచి లాక్కొచ్చావురా?"

"నీ పెళ్ళికి తొడుక్కొచ్చిందేనే ఇది. ఆరోజు బాగుందన్నావు."

బ్రిజీ అతని కప్పులో ఇంకాస్త టీ పోసింది. అతను వెళ్ళేసరికి ఆవుల పాలు పితికే వేళ అయ్యేది.

మే నెలలో, రోడ్లన్నీ బురదగా ఉన్న ఒక గురువారం, ఫెలిమ్ రాలేదు. కెటిల్ కాగింది, చల్లారింది, మళ్ళీ కాగింది. చివరికి గుమ్మంలోకి వచ్చింది అతని చెల్లెలు డీలియా. ఆమె చేతిలో సీసా ఉంది.

"బాడవలోకి దిగాడక్కా, నీ ఆకు కోసమే. గుండె ఆగిపోయింది. మేం వెళ్ళేసరికి బోర్లా పడి ఉన్నాడు. సంచీ నిండా ఆకే." డీలియా కళ్ళు తుడుచుకుని సీసా బల్ల మీద పెట్టింది. "ఇది పొద్దున కాచి ఉంచింది. ఇదే ఆఖరుది. జాగ్రత్తగా వాడుకో. చచ్చినవాడికైనా సరే, ఆ మాట మాత్రం అనకు. ఇన్నాళ్ళ మేలూ పోతుంది."

బ్రిజీ తలూపింది. సీసాని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. ఓర్లా వచ్చి ఆ చేతులు పట్టుకుంది.

"అత్తయ్యా, నేను మళ్ళీ ఆ చుక్కలు తెస్తాను. ఈ సీసా అయిపోయాక..."

"తర్వాత చూద్దాంలే తల్లీ. నా నల్ల కోటు తియ్యి."

ఫెలిమ్ ఇంట్లో ముందుగది నిండా జనం. శవపేటిక మూత తీసే ఉంది. పక్క గదిలో టీ కప్పుల చప్పుడు, హామ్ శాండ్‌విచ్‌ల పళ్ళేలు, ఫెలిమ్ మందుతో లేచి నడిచిన వాళ్ళ కథలు. "మీ బాధకి చింతిస్తున్నాం" అంటూ ఒక్కొక్కరే డీలియాతో చెయ్యి కలిపి వెళ్తున్నారు. అంతమందిలో ఒక్కరూ ఫెలిమ్‌కి థాంక్స్ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది?

కోడలి భుజం పట్టుకుని బ్రిజీ పేటిక దాకా నడిచింది. జపమాల చుట్టిన అతని చేతుల మీద తన చెయ్యి వేసింది. వంగి, గదంతా వినబడేలా అంది:

"థాంక్స్, ఫెలిమ్."

కప్పుల చప్పుడు ఆగిపోయింది. ఎవరో సిలువ గీసుకున్నారు.

"ఎంత పని చేశావక్కా!" డీలియా పరుగున వచ్చింది. "మందు విరిగిపోయిందే! ఇక నీ నొప్పి, నీ నిద్ర..."

బ్రిజీ అతని చేతుల మీంచి చెయ్యి తియ్యలేదు.

"విరగడానికేముందే డీలియా," అంది. "అది ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు."