అయిదు ఈతల పందెం

ఓడిపోతే మీసం తీసేస్తానని బావమరిది అన్నప్పుడు అతని పెళ్లాం నోరు నొక్కుకుంది. పెళ్లికి ముందు నుంచీ ఉన్న మీసం అది.

తగువు ఆవుల గురించి. బావకొకటి, బావమరిదికొకటి. రెండూ సంకర జాతివి, ఒకేలాంటి నలుపూ తెలుపూ మచ్చలవి. తల్లులు వేరు. తండ్రి ఒకడే, ఇంజెక్షన్‌లో వచ్చాడు. ఇళ్లు పక్కపక్కనే, కొట్టాల మధ్య ఒక తడిక. బావ ఆవు పూటకు ఏడు లీటర్లిస్తుంది, బావమరిది ఆవు నాలుగున్నర.

"అంతా పోషణరా," అన్నాడు బావ.

"కాదు బావా, పుట్టుక. దాని తల్లి బిందెలు నింపింది. తెచ్చి నా కొట్టంలో కట్టు, అక్కడా అంతే ఇస్తుంది."

"ఇస్తే నా మీసం తీసేస్తా. ఇవ్వకపోతే నీది."

పాల కేంద్రం సెక్రటరీని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. "ఒక ఈతతో తేలదు. ఇక ఈనకుండా వట్టిపోయేదాకా ఇచ్చిన మొత్తం పాలు చూడాలి," అన్నాడతను. ఏ ఇంటి పాలు ఆ ఇంటి లెక్కలో రాస్తానన్నాడు.

మర్నాడు పొద్దున మగవాళ్లిద్దరూ ఆవులను మార్చి కట్టారు. అక్కడితో వాళ్ల పని అయింది. మేత, నీళ్లు, పేడ, పితకడం ఆడవాళ్లవి: బావ ఇంట్లో బావమరిది అక్క, ఈ ఇంట్లో బావమరిది పెళ్లాం.

ఆ సాయంత్రం రెండు ఆవులూ తన్నాయి. రెండు బకెట్లూ దొర్లాయి. మర్నాటి నుంచి బుద్ధిగా పాలిచ్చాయి.

"చూశావా, ఒక్క రోజులో మా ఇంటికి అలవాటు పడింది," అన్నాడు బావ.

ఏళ్లు గడిచాయి. బావ ఇంటి పాలు తగ్గలేదు. బావమరిది ఇంటి పాలు పెరగలేదు. పుట్టుకే గొప్పదన్న మనిషి కొట్టంలో ఫ్యాను పెట్టించాడు. రబ్బరు చాప పరిచాడు. పితికే వేళకు రేడియో పెట్టాడు. పూటకు గ్లాసెడు పెరిగింది.

ఒకసారి తడిక దాటి వెళ్లి, బావ కొట్టంలోని ఆవుకు అరటి తొక్కలు పెట్టబోయాడు. అది కుమ్మింది.

"పెంచిన చేతినే మర్చిపోయింది," అని ఆ పూట అన్నం మానేశాడు.

"ఇంకో గంటకు అడుగుతారు. మూత పెట్టి ఉంచుతా," అంది పెళ్లాం.

ఎనిమిదేళ్లు, అయిదు ఈతలు. రెండు ఆవులూ వట్టిపోయాయి. సెక్రటరీ పుస్తకం తెచ్చి చదివాడు. బావ ఇంటి నుంచి ఇరవై వేల ఆరు వందల లీటర్లు. బావమరిది ఇంటి నుంచి పదమూడు వేల తొమ్మిది వందలు.

"పోషణే గెలిచింది," అన్నాడు సెక్రటరీ.

బావమరిది మాట తప్పే మనిషి కాదు. మంగలిని పిలిపించాడు. పని అయ్యాక అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"అచ్చం మీ అక్క ముఖమేరా," అన్నాడు బావ. "పుట్టుక ఎక్కడికి పోతుంది?"

తడిక దగ్గర నిలబడ్డ బావమరిది పెళ్లాం గొంతు తగ్గించి అతని అక్కతో అంది: "వదినా, అవి తన్నిన సాయంత్రమే ఎవరి ఆవును వాళ్లం తోలుకొచ్చేసుకున్నామని ఇప్పుడైనా చెప్పేద్దామా?"