చదివాక మాట్లాడు

"రేపు ఆఫీసులో రాజీనామా ఇచ్చేస్తున్నాను," అన్నాడు భర్త, భోజనానికి కూర్చుంటూనే.

"దేనికి?" అంది భార్య, కూర వడ్డిస్తూ.

"కంపెనీ పెట్టడానికి. ఎన్నిసార్లు చెప్పాలి? జీవితమంతా నీళ్ల మోటార్లు బాగుచేయిస్తూ ముసలాణ్ణయిపోమంటావా?"

గోడవారన బల్ల మీద పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు తప్పక చదవాలని ఎవరు ఏది చెబితే అది కొనుక్కొచ్చాడు. మొదట్లో ఆవిడ అడ్డుపడితే, "ముందు అవి చదువు, తర్వాత మాట్లాడు" అని నోరు మూయించాడు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆవిడ వెళ్తూ వస్తూ బస్సులో నిజంగానే చదవడం మొదలుపెట్టింది.

"అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.

"మాట్లాడు."

"ఇంతకీ మీరు చేసే వస్తువేమిటి? కిందటి నెల మొక్కలకి నీళ్లు పోసే యంత్రం అన్నారు. అంతకుముందు తలుపు తాళం."

"అదింకా తేలలేదు. ముందు తెగించాలి. ఆ పుస్తకాలు రాసినవాళ్లంతా ఉద్యోగాలు వదిలేసినవాళ్లే."

"ఊరికే వదల్లేదండీ. జనం ఏం అవస్థ పడుతున్నారో కళ్లారా చూశారు. వాళ్ల పక్కన కూర్చుని అడిగారు. అట్టముక్కలతోనో చెక్కతోనో ఒకటి చేసి చేతికిచ్చి చూశారు. మీరు ఒక్కరినైనా అడిగారా?"

అతను గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

"చెప్పరా," అంది పక్కగదిలోంచి వచ్చిన అతని తల్లి. "కోడలి ముందే నీళ్లు నమిలితే రేపు బయటివాళ్ల ముందు ఏం చెబుతావు?"

"నువ్వు కూడా మొదలుపెట్టకమ్మా. ఆ అవస్థలేవో ఎక్కడ దొరుకుతాయో నాకేం తెలుసు?"

"వేళ్లలో పట్టులేని మనిషి చెంచా ఎలా పట్టుకుంటాడో ఎప్పుడైనా చూశారా?" అంది భార్య. "అన్నం నోటిదాకా వెళ్లేలోపు సగం ఒళ్లో పడుతుంది. అవస్థంటే అదీ."

"ఇప్పుడు నీ పేషెంట్ల గొడవెందుకు? పుస్తకాల సంగతి మాట్లాడు."

"పుస్తకాల సంగతే చెబుతున్నాను. సగానికి పైన పేజీలు నేను విడదీసేదాకా అతుక్కునే ఉన్నాయి."

తల్లి నవ్వాపుకుంటూ మళ్లీ గదిలోకి వెళ్లిపోయింది. అతని మొహం మాడిపోయింది.

"నిజమే," అన్నాడు గొంతు తగ్గించి. "ఏదీ పూర్తిగా చదవలేదు. కానీ ఆ ఆఫీసులో నాకు ఊపిరాడటం లేదు. మిగతావన్నీ రేపటినుంచి నేర్చుకుంటాను. నువ్వు సరేనంటే చాలు."

ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని చేతిమీద చెయ్యి వేసింది.

"ఇంకేదైనా అడగండి, కాదనను. ఉద్యోగం మాత్రం ఇప్పుడు వదలడానికి వీల్లేదు."

"అన్ని పుస్తకాలు చదివినా నీకు భయం పోలేదన్నమాట."

"ఎప్పుడో పోయిందండీ," అంది భార్య. "ఇంట్లో ఒక్క జీతమైనా రావాలి కదా, ఇవాళ పొద్దున నేను ఇచ్చేశాను రాజీనామా."