జ్వరంబాబు లీవు

వాషింగ్ మెషీన్ తనంతట తనే నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చేసిందని ఒకావిడ ఫోన్‌లో ఏడుస్తోంది. "దాన్ని కంగారు పెట్టకండమ్మా, మెల్లిగా ప్లగ్ తీసెయ్యండి" అని అతను ఓదారుస్తుండగా టేబుల్ మీద సెల్ వణికింది.

క్రెష్ ఆయమ్మ.

"బాబుకి ఒళ్ళు పెనంలా కాలిపోతోందండీ. గంటలో తీసుకెళ్ళకపోతే రేపట్నుంచి సీటు లేదని చెప్పమన్నారు. మీవాడి పుణ్యమా అని సగం మంది పిల్లలు ఇంటిదగ్గరే ఉన్నారు." ఆయమ్మ గట్టిగా తుమ్మింది. "నేనూ రేపు రాను."

పిల్లాడికి మూడేళ్ళు. క్రెష్‌లో రంగుకాగితాలు అంటించడం నేర్పుతారు. వీడు జలుబు అంటించడం నేర్చుకున్నాడు. ఒక వైరస్ వెళ్తూ వెళ్తూ ఇంటి తాళంచెవి రెండోదానికి ఇచ్చి పోతుంది. ఇంట్లోవాళ్ళు చెయ్యని పని లేదు. తలుపు గొళ్ళేనికి కూడా మాస్కు తొడిగారు. బొమ్మ ఏనుగుని వేడినీళ్ళలో ఉడకబెడితే అది కుందేలంతై కూర్చుంది. దగ్గు మాత్రం తగ్గలేదు.

పిల్లల డాక్టరేమో ఈ వయసులో ఇదంతా మామూలే, ఇలాగే ఒంట్లో శక్తి పెరుగుతుంది అంటాడు. ఆ లెక్కన వాడు బడికెళ్ళే వేళకి ఒంట్లో బాణం కూడా దిగదు. ఈలోపు ఊళ్ళో మిగతా క్రెష్‌లవాళ్ళు వాడు వీధి మలుపు తిరగ్గానే షట్టర్లు దించేస్తున్నారు. చేర్చుకున్నది ఈ ఒక్కటే.

అతను హెడ్‌సెట్ తీశాడు. ఫిర్యాదుల సెక్షన్ మొత్తానికీ విషయం అర్థమైపోయింది. ఆఫీసులో అతన్ని అందరూ జ్వరంబాబు అంటారు. అసలు పేరు జీతాల రోజున మాత్రమే బయటికొస్తుంది. పోయిన నెల పిల్లాడి జలుబు ఆఫీసుదాకా వచ్చి ఒక్కొక్కర్నీ పలకరించి వెళ్ళింది. మేనేజర్ మేడమ్‌కైతే అతనికంటే ముందే వచ్చింది. ఆవిడ అన్నిట్లోనూ ముందే.

"మళ్ళీనా?" అంది పక్కసీటు అక్క.

"మళ్ళీ కాదక్కా. పాతది నిన్నతో అయిపోయింది. ఇది కొత్తది."

"నీకింకా లీవులెక్కడివి నాయనా?"

"వచ్చే ఏడాదివి కూడా వాడేశాను."

"అయితే వచ్చే జన్మవి అడుగు. అవతల పెద్దసారు తనిఖీకొస్తున్నాడు. లోపల థర్మామీటర్ మరుగుతోంది."

థర్మామీటర్ అంటే ఆ మేడమే. నోట్లో పెట్టకుండానే ఎవరి అబద్ధం ఎన్ని డిగ్రీలుందో చెప్పేస్తుంది. ఒకసారి ఒకడు లేని బామ్మని చంపి లీవడగడానికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళలోకి చూసి, బామ్మ లేచి కూర్చుందని చెప్పి సీట్లోకి వచ్చేశాడు. ఆవిడ క్యాబిన్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకరికి పడ్డ చివాట్లు పదిమందికీ పనికిరావాలని ఆవిడ సిద్ధాంతం.

అతను లోపలికెళ్ళాడు. సెక్షన్ మొత్తం ఫోన్లు మ్యూట్‌లో పెట్టి చెవులు అటు పడేసింది.

"మేడమ్, బాబుకి జ్వరం..."

"ఎంత?"

"నూటరెండు అన్నారు మేడమ్."

"అన్నారా, చూశారా?"

"చూసే అన్నారు మేడమ్."

"చంకలోనా, నోట్లోనా?"

బయట అక్క నోరు నొక్కుకుంది. "దీనికంటే పోలీసులు నయం" అని గొణిగింది.

"వాంతులు?"

"లేవు మేడమ్."

"దద్దుర్లు?"

"వాళ్ళు చెప్పలేదు మేడమ్."

"అడగాలని మీకు తెలీదా?"

ఆవిడ చేతిలో పెన్ను టక్కున విరిగింది. బయట ఇద్దరు టేబుళ్ళ కిందకి వంగారు.

"పొద్దున ఎలా ఉన్నాడు?"

"గుర్రంలా ఉన్నాడు మేడమ్. వాళ్ళమ్మ చెప్పుల్లో పాలు కూడా పోశాడు."

మేడమ్ మొహం ఇంకా ముడుచుకుంది.

"మరి ఆ వాళ్ళమ్మ ఏం చేస్తోంది? ఆవిడ వెళ్ళకూడదా?"

"ఆవిడకి ఇవాళ అస్సలు కుదరదు మేడమ్."

"ఎందుకని?"

"ఆవిడ ఆఫీసులో ఒకడున్నాడు మేడమ్. ఎప్పుడు చూసినా లీవు, లీవు అని ప్రాణం తీస్తాడట. ఇంక ఆవిడెలా అడుగుతుంది?"

"అలాంటివాణ్ణి పీకెయ్యాలి."

"పీకేద్దామనే అనుకుంటుందట మేడమ్. ఇంటికెళ్ళి ఆలోచిస్తే మనసొప్పదట."

సెక్షన్‌లో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. అతను గోడగడియారం వంక చూశాడు. గొంతు తగ్గింది.

"మేడమ్, ఇప్పుడు బయల్దేరకపోతే ఆ సీటు పోతుంది. ఇంకెక్కడా వాణ్ణి చేర్చుకోరు. ఆ తర్వాత వాళ్ళమ్మో నేనో ఉద్యోగం మానుకోవాల్సిందే."

మేడమ్ అతని వంక అలాగే చూస్తూ కూర్చుంది. ఇక అతని పని అయిపోయిందని అందరూ తేల్చేశారు. అక్క ముందుజాగ్రత్తగా అతని డ్రాయర్‌లోంచి తన స్టేప్లర్ తీసేసుకుంది. వెనక వరసవాడు అతని కుర్చీ తన కుర్చీకంటే మెత్తగా ఉందో లేదో నొక్కి చూశాడు.

మేడమ్ లేచింది. విరిగిన పెన్ను బుట్టలో పడేసింది.

"ఇదే ఆఖరిసారి" అంది, లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా. "మిగిలిన ఫిర్యాదులు ఇంటి దగ్గర్నుంచి చూడండి. ఒక్కటి వదిలేసినా ఊరుకోను. వెళ్ళండి!"

అతను గుమ్మందాకా వచ్చాడు. ఆవిడ తరుముతున్నట్టు వెనకే వచ్చింది. ఒకసారి బయటికి చూసింది. సెక్షన్ మొత్తం తలలు దించుకుని, ఎవరూ లేని ఫోన్లలో "చెప్పండమ్మా, చెప్పండి" అంటోంది.

ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది.

"సిరప్ సీసా మన మంచం కిందకి దొర్లింది తీసుకో, అమ్మ ఆరింటికల్లా వచ్చేస్తుందని వాడికి చెప్పు."