తొంభై ఆరు నిమిషాలు

నా బ్లాక్ హోల్ దొరికింది. దాని చుట్టూ తిరిగే జంట నక్షత్రం తొంభై ఆరు నిమిషాలకోసారి అడ్డొస్తోంది, ఎక్స్‌రే వెలుగు పడిపోతోంది. మన ఉపగ్రహం పంపిన గ్రాఫులో లోయలన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. టెలిస్కోపులు అటు తిప్పమని అన్ని దేశాల అబ్జర్వేటరీలకూ పంపే కాగితం సిద్ధం. మా గైడు మేడమ్ సంతకం ఒక్కటే తరువాయి.

మేడమ్ కుర్చీ వెనక గోడకి పాత గ్రాఫు ఒకటి ఫ్రేము కట్టి ఉంటుంది. ఆవిడని ఇంతటివారిని చేసింది అదేనని మూడేళ్లుగా రోజూ దానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను. దాని పక్కన నాది తగిలించడానికి మేకు ఎక్కడ కొట్టాలో కూడా చూసిపెట్టుకున్నాను.

మేడమ్ కాగితం చదివి కళ్లజోడు తీశారు.

“మన ఉపగ్రహం భూమిని ఎంతసేపటికోసారి చుట్టొస్తుంది బాబూ?”



“తొంభై ఆరు నిమిషాలు మేడమ్.”

“అయితే నీ వెలుగుకి అడ్డొస్తున్నది?”

“భూమి మేడమ్.”

“ఇంట్లో చెప్పేశావా?”

“మా అత్తగారికి కూడా చెప్పాను.”

ఆవిడ కాగితం నా వైపు జరిపారు. ఏదో ఒకటి అనాలి కదా అని గోడ మీది ఫ్రేము చూపించాను.

“మీలాగా కనిపెట్టాలంటే నేనింకా చాలా నేర్చుకోవాలి మేడమ్.”

మేడమ్ వెనక్కి తిరిగైనా చూడలేదు.

“అది తొంభై తొమ్మిది నిమిషాలు. అప్పటి ఉపగ్రహం కాస్త ఎత్తులో తిరిగేది. నేనైతే ఎవరి సంతకమూ అడగలేదు. నాలుగు దేశాల వాళ్లు టెలిస్కోపులు తిప్పారు.”