అభ్యంతరం లేదు

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి, కోర్టు వీడియో విచారణ మధ్యలో, తల్లి ముందున్న లాప్‌టాప్‌లో యాప్ బిగుసుకుపోయింది. పాపను తండ్రి దగ్గరికి పంపడానికి అభ్యంతరముందా అని జడ్జి రెండుసార్లు అడిగారు. జవాబు రాలేదు. అభ్యంతరం లేదని రాసుకుని తర్వాతి కేసు పిలిచారు.

సాయంత్రం మెకానిక్ ఆ లాప్‌టాప్ చూసి నవ్వాడు. "రెండు యాంటీవైరస్‌లేంటమ్మా? ఒకదాన్నొకటి దొంగనుకుని జుట్లు పట్టుకుంటుంటే యాప్‌లు ఆగిపోక ఏం చేస్తాయి?"

"ఒకటి నేను పెట్టించా. ఇంకోటి పాప వాళ్ల నాన్న పెట్టించాడు," అందామె.

"రెండూ మంచివే. కానీ ఒక్కటే ఉండాలి. ఏది తీసెయ్యను?"

"నాది తీసెయ్ బాబూ. లాప్‌టాప్ పాపది. తనతోపాటే వెళ్లిపోతుంది."

ఆదివారం ఉదయం పదింటికి తండ్రి వస్తాడు.