పొలిమేర అవతల

“పొద్దుగూకక ముందే నీ ఎడ్లని దూరంగా కొత్తవలస తోలెయ్ బావా,” అన్నాడు గౌరునాయుడు రొప్పుతూ.

జగన్నాధం తెల్లబోయాడు. పొరుగూరి నుంచి చెల్లెలి మొగుడు పరుగున వస్తుంటే కొట్లాటకే అనుకున్నాడు. పశువులకి గొంతువాపు రోగం తగిలిందని, మొన్న తన ఊరివాళ్లు రోగాన్ని సాగనంపే అమ్మవారి బండిని పొలిమేర దాటించి ఆ ఊరి పొలాల్లో వదిలేశారు. లాగినవాళ్లలో తనూ ఉన్నాడు. ఊరి కట్టుబాటుకి భయపడి చెల్లెలికి కబురు పెట్టలేదు.

“ఏటైనాది?”

“రోగం మా ఊరొచ్చీసినాది. ఇయాల మావోళ్లు బండిని మళ్లీ మీవైపు తోలేత్తన్నారు.”

“మరి మీ ఎడ్లు?”

“రెండూ పోనాయి.”

జగన్నాధం తల దించుకున్నాడు. “అమ్మోరికి నెత్తురన్నం పొలి సల్లినంత మేరే పొలిమేర బావా. బండి దాటించీసినాక మనకి పాపం నేదని పెద్దోళ్లు...”

“మావోళ్లూ అదే అంటన్నారు. అవతల మా అన్నున్నాడని నీ సెల్లి అసిరమ్మ నన్ను తరిమినాది. బండి సంగతి నీకు తెలిసుంటే ముందే సెప్పుండేవోడివట.”

పలుపు విప్పబోయిన జగన్నాధం చెయ్యి ఆగిపోయింది.

“నాకు తెలుసు. ఆ బండి నేనూ లాగినాను.”

గౌరునాయుడు తనే వంగి, ఎడ్ల పలుపులు విప్పి అతని చేతిలో పెట్టాడు.

“తోలుకెళ్లు. ఆ మాట మాత్రం దానికి సెప్పకు. దానికింక మిగిలింది అన్నున్నాడన్న నమ్మకమొక్కటే.”