రెండు హుక్కులు

"గీ చేతులు సరిపోవక్కా. మణికట్టు దాక గావాలె."

కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చిన జాకెట్‌ను స్నేహలత తిరిగి మిషన్ మీద పెట్టింది. పుష్పలతకు ఒళ్లు మండింది. బోధన్‌లో ఈ ఎండలకు జనం చేతుల్లేని జాకెట్లు కుట్టించుకుంటుంటే ఈ పిల్లకు ఇదేం కోరిక?

"కొలతకు పాత జాకెట్ ఇచ్చింది నువ్వే గద. మోచేతి దాక సాలంటివి. ఉన్న గుడ్డంత కోసిన. ఇప్పుడు యాడికెల్లి తేవాలె?" చెమట తుడుచుకుంటూ అడిగింది పుష్పలత.

"ఎట్లన్న జెయ్యక్కా. రేపు పొద్దున్నే బాల్కొండ పోవాలె. మా అన్న బిడ్డ తొట్టెల. మేనత్తను నేనే, పాపను తొట్టెల ఏసేది నేనే."

"ఏస్తే ఎయ్యి. చేతులు పొడుగుంటేనే ఏయనిస్తరా?"

పుష్పలత విసుక్కుంటూనే టేపు తీసి ఆమె చెయ్యి పట్టుకుంది. భుజాల నిండా కప్పుకున్న కొంగు తొలగింది. మోచేతి కింది నుంచి మణికట్టు దాకా బెల్టు వాతలు కమిలి నల్లబడ్డాయి.

పుష్పలతకు తన విసుగు మీద తనకే సిగ్గేసింది.

"మీ ఆయనేనా?"

స్నేహలత తలూపింది.

"మీ అన్నకు చెప్పరాదు?"

"చెప్తే ఉరికొస్తడు. ఈయనను నాలుగు తంతడు. పొద్దుమూకి బస్సెక్కి పోతడు. మల్ల గా ఇంట్ల ఉండేది నేనే గద."

"పెద్దమనుషులల్ల పెట్టు."

"పెట్టినం. సర్దుకపొమ్మన్నరు." స్నేహలత కళ్లు తుడుచుకుంది. "చెప్పుడు అల్కగనే ఉంటదక్కా. మల్ల గా ఇంటికి పోయేది నువ్వు గాదు గద."

పుష్పలత కత్తెర అందుకుంది.

"చీర తెచ్చినవా? ఇటు తే," అంది. "లోపల చెక్కుకునే కాడ జానెడు కోస్త. ఆడ ఎవలు సూస్తరు?"

కోసింది. జాకెట్ చేతులకు అతికింది. అతుకు కనపడకుండా పైన లేసు వేసింది. తర్వాత హుక్కుల డబ్బా తెరిచింది.

"అంచుకు రెండు హుక్కులేస్త. బిగుతుగుండాలె."

"హుక్కులెందుకక్కా?"

"పాపను తొట్టెల ఏసెటప్పుడు చేతులెత్తుతవు. వదులుగుంటే మోచేతి దాక జారుతది. హుక్కులు పెట్టుకోని, వాటి మీదికెల్లి గాజులేస్కో. ఉక్కపోస్తలేదా అని అడుగుతరు. ఎండకు నల్లబడుతున్న అను. నవ్వుకుంటనే చెప్పు, లేకుంటే మల్ల అడుగుతరు. అన్నం వడ్డించెటప్పుడు మాత్రం చేతులు మలుపుకొమ్మంటరు. గా పనికి పోకు, పాపను ఎత్తుకోని కూసో."

స్నేహలత ఏడుపు మరిచి ఆమె వంక చూసింది.

"గివన్ని నీకెట్ల తెలుసక్కా?"

పుష్పలత తల తిప్పుకుంది. జాకెట్ రంగు దారం కోసం పై అరకు చెయ్యెత్తింది. నిండా కప్పుకున్న కొంగు జారింది.

అప్పుడు చూసింది స్నేహలత. ఇంత ఉక్కలోనూ పుష్పలత తొడుక్కున్నది మణికట్టు దాకా ఉన్న జాకెట్టే, అంచుకు రెండు హుక్కులు, వాటి మీద గాజులు.